కనూ యాత్రకు కాటన్ బట్టలు సర్దుకోకండి

సంపాదకులు గారికి,

అమెరికాలో పిల్లల దగ్గరికి వేసవికి వెళ్లే తల్లిదండ్రుల కోసం మీ ఆదివారం అనుబంధంలో వేసిన వ్యాసంలో మిన్నెసోటాలోని బౌండరీ వాటర్స్ గురించి రాశారు. అక్కడ గైడు వెంట కనూలో, అంటే తెడ్డు వేసి నడిపే సన్నటి పడవలో, బయల్దేరి, నాలుగైదు రోజులు గుడారాల్లో గడిపి వచ్చే యాత్ర అది. చోటు గురించి చెప్పింది సరిగ్గానే ఉంది. పక్కన బాక్సులో ‘వెంట ఏం తీసుకెళ్లాలి?’ అని ఇచ్చిన జాబితాతోనే నా పేచీ. వదులైన కాటన్ బట్టలు, గొడుగు, మంచి చెప్పులు, ఇంటి పచ్చళ్లు అని నాలుగు ముక్కల్లో తేల్చేశారు. మొదటి మూడూ అక్కడ పనికిరావు. నాలుగోది గాజు సీసాలో పెడితే నిబంధనలు ఒప్పుకోవు. ఆ బాక్సు కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించుకున్నవాళ్లు ఉంటారు కనక ఉత్తరం కాస్త పొడవుగానే రాస్తున్నాను.

కెనడా సరిహద్దును ఆనుకుని, సుపీరియర్ నేషనల్ ఫారెస్టులో పది లక్షల ఎకరాలకు పైగా ఉన్న అడవి అది. వెయ్యికి పైగా సరస్సులు. 1978 నాటి చట్టం వల్ల అందులో చాలా భాగంలో మోటారు పడవ తిరగకూడదు. ఒక బృందంలో 9 మందికి, 4 పడవలకు మించి ఉండకూడదు. మినియాపొలిస్ నుంచి ఈలీ అనే చిన్న ఊరికి కారులో నాలుగు గంటల పైమాటే. ఆ ఊరు దాటితే కొట్టు ఉండదు, మరిచిపోయిన సాక్సు దొరకదు. ఒక సరస్సు నుంచి ఇంకో సరస్సుకు పడవనీ మూటల్నీ భుజాన వేసుకుని అడవి దారిన నడవాలి. ఆ దారిని పోర్టేజ్ అంటారు. దాని పొడవును మ్యాపుల్లో రాడ్లలో రాస్తారు. ఒక రాడ్ అంటే పదహారున్నర అడుగులు, ఇంచుమించు ఒక కనూ పొడవు. 100 రాడ్లంటే అర కిలోమీటరు. సామాను ఒక్క విడతలో మోస్తే అర కిలోమీటరే నడుస్తారు. రెండు విడతలైతే సామానుతో వెళ్లి, ఖాళీ చేతులతో వచ్చి, మళ్లీ సామానుతో వెళ్లాలి కాబట్టి కిలోమీటరున్నర అవుతుంది. ‘ఎందుకైనా మంచిది’ అని ఇంటి దగ్గర సంచిలో పడేసిన వస్తువులన్నీ కలిసి ఆ రెండో విడతను పుట్టిస్తాయి.

ఇక బట్టలు. మే నెల బెజవాడలో నూలు బట్ట ఎందుకు హాయిగా ఉంటుంది? చెమటను పీల్చుకుంటుంది, ఆ తడి ఆరుతూ ఒంటి వేడిని పట్టుకుపోతుంది. మిన్నెసోటాలో సరస్సు మీద అది చేసే పనీ అదే, కాకపోతే అక్కడ మనకు ఆ వేడి కావాలి. తెడ్డు నుంచి కారే నీళ్లకు ఒళ్లో తడుస్తుంది. పడవ దిగేటప్పుడు మోకాళ్ల దాకా తడుస్తుంది. పోర్టేజ్‌లో మూట మోసినంతసేపూ వీపు చెమటతో తడుస్తుంది. మళ్లీ పడవెక్కగానే నీళ్ల మీది గాలి కొడుతుంది. జూలైలో పగలు 25 డిగ్రీలు దాటినా, రాత్రికి 10 డిగ్రీల దగ్గరికి దిగే రోజులున్నాయి. మే చివర్లోనైతే మంచు కరిగి నెల కూడా కాని నీళ్లవి.

ఉన్ని మంచిదా, పాలిస్టర్ మంచిదా అని అడుగుతుంటారు. మామూలు తేమ ఉన్న గాలిలో నూలు తన బరువులో 8 శాతం దాకా నీటిని పీల్చుకుంటుంది. పాలిస్టర్ అర శాతం కూడా పీల్చుకోదు. ఉన్ని 16 శాతం దాకా పీల్చుకుంటుంది. నూలుకు రెట్టింపు పీల్చే ఉన్ని వెచ్చగా ఎలా ఉంటుందంటే, దాని పోగు వంకీలు తిరిగి ఉంటుంది. తేమ పోగు లోపలికి పోతుంది, పోగుల మధ్య గాలి చాలావరకు చెక్కుచెదరదు. తడిసిన నూలు చచ్చుబడి ఒంటికి అతుక్కుపోతుంది, గాలి ఉండాల్సిన చోట నీళ్లు నిలుస్తాయి. నీరు గాలికన్నా సుమారు 25 రెట్లు తేలిగ్గా వేడిని లాగేస్తుంది. అందుకని ఒంటికి తగిలే బట్ట ఉన్నిదైనా పాలిస్టర్‌దైనా పరవాలేదు, కాటన్ మాత్రం కాకూడదు. పాలిస్టర్ త్వరగా ఆరుతుంది, రెండో రోజుకే వాసనేస్తుంది. ఉన్ని నెమ్మదిగా ఆరుతుంది, వారమైనా వాసన రాదు.

ఇక్కడే చాలామంది సగం పని చేసి ఆగిపోతారు. పైన పాలిస్టర్ చొక్కా వేసుకుని లోపల ఎప్పటి కాటన్ బనియనే వేసుకుంటారు. లోపలి బనియన్ తడిసిన గుడ్డలా ఉంటే పైచొక్కా ఎంత ఖరీదైనా ఒకటే. లోదుస్తులూ సింథటిక్ లేదా ఉన్నివే కావాలి. ట్రాక్ ప్యాంట్ల లేబుల్ తిరగేసి చూడండి, పైకి నైలాన్‌లా కనిపించే కొన్నిటిలో కాటన్ కలిసి ఉంటుంది. జీన్స్ సంగతి చెప్పనే అక్కర్లేదు, పొద్దున తడిస్తే మర్నాటికీ ఆరదు, తడి బరువుతో జారుతూనే ఉంటుంది.

ఎన్ని జతలు? రెండు. నాలుగు రోజులకైనా ఎనిమిది రోజులకైనా రెండే. ఒకటి తడి జత, ఒకటి పొడి జత. తడి జతలో పొడుగు చేతుల పలచని చొక్కా, నైలాన్ ప్యాంటు, ఉన్ని సాక్సులు, తడిసే బూట్లు, అంచున్న టోపీ. పొడి జతలో ఒంటికి పట్టే థర్మల్ పైదీ కిందదీ, మందపాటి ఉన్ని సాక్సులు, చెవులు కప్పే టోపీ, మకాంలో వేసుకునే తేలికపాటి బూట్లు. మన మంకీ క్యాప్‌ను పిల్లలు నవ్వుతారేమోనని ఇంట్లో వదిలేస్తారు గానీ, ఉన్నిదైతే నిస్సంకోచంగా పెట్టుకోండి, అంత పనికొచ్చే టోపీ అక్కడి షాపుల్లోనూ దొరకదు. రెంటికీ ఉమ్మడిగా ఒక ఫ్లీస్ జాకెట్టు. లోదుస్తులు మూడు, సాక్సులు మొత్తం మూడు జతలు. అంతే.

కష్టం సర్దడంలో లేదు, రెండో రోజు పొద్దున ఉంది. రాత్రి దండెం మీద వేసిన ప్యాంటు ఇంకా చెమ్మగానే ఉంటుంది. పొడి జత ఒంటి మీద వెచ్చగా ఉంటుంది. ఆ పొడి బట్టలతోనే పడవెక్కేస్తే మధ్యాహ్నం వానకు అవీ తడుస్తాయి, ఆ రాత్రి నిద్రకు పొడి గుడ్డ ముక్క ఉండదు. యాత్ర మధ్యలో వెనక్కి తిరగాల్సిన పరిస్థితులు చాలావరకు ఇక్కడే మొదలవుతాయి. పొద్దున పొడి జత విప్పి, మడిచి, ప్లాస్టిక్ సంచిలో కట్టి, చెమ్మ బట్టల్లోకే దూరాలి. తెడ్డు వేయడం మొదలుపెట్టిన పది నిమిషాల్లో అవి ఒంటి వేడికి వెచ్చబడతాయి. దండేనికి ఏడెనిమిది మీటర్ల సన్న నైలాన్ తాడు తీసుకెళ్లండి. మంట దగ్గర ఆరబెట్టొద్దు. నిప్పురవ్వ పడితే నైలాన్ కరిగి చిల్లు పడుతుంది, వేడికి బూట్ల అడుగున జిగురు విడిపోయి మర్నాడు అట్ట ఊడొస్తుంది.

అమ్మలకు ఒక మాట. చీర కుదరదు, చున్నీ అసలే వద్దు. పడవ తిరగబడితే కాళ్లకు చుట్టుకునేది ఏదైనా ప్రమాదమే. సింథటిక్ కుర్తా వేసుకోవచ్చు గానీ అడుగున వెడల్పాటి సల్వార్ పోర్టేజ్‌లో ప్రతి కొమ్మకూ తగులుకుంటుంది. లెగ్గింగ్స్ హాయిగా ఉంటాయని చాలామంది వేసుకుంటారు, బిగుతు బట్టలోంచి దోమ సూటిగా కుడుతుంది. కాస్త వదులైన నైలాన్ ట్రాక్ ప్యాంటు, పైన పొడుగు చేతుల చొక్కా అన్నిటికన్నా మేలు. రంగు లేతదై ఉండాలి. ముదురు నీలం, నలుపు ఈగల్ని పిలుస్తాయి.

ఆ ఈగలేమిటో చెప్పాలి. మే మధ్య నుంచి జూన్ దాకా బ్లాక్ ఫ్లై అనే చిన్న నల్ల ఈగ ఉంటుంది. చెవుల వెనక, జుట్టు మొదట్లో కొరికి నెత్తురు తీస్తుంది. జూన్, జూలైల్లో దోమలు. ఆగస్టు సగం దాటాక దోమలూ బాగా తగ్గుతాయి. తల మీదుగా వేసుకునే దోమల వల తులాల్లో తూగుతుంది, అది లేకపోతే మాత్రం సాయంత్రం అన్నం కూడా తినలేరు. మనిషికొకటి తీసుకెళ్లండి. బట్టలకు పెర్మెత్రిన్ అనే పురుగుల మందు అర శాతం ఉన్న స్ప్రే బయల్దేరే ముందు రోజు ఆరుబయట కొట్టి, పూర్తిగా ఆరనిచ్చి అప్పుడు మడవాలి. పిడుదులకు కూడా అదే మందు. ఒంటికి రాయకూడదు, ఇంట్లో పిల్లి ఉంటే ఆరేదాకా దాన్ని దగ్గరికి రానివ్వకూడదు. ఒంటికి రాసుకునేది డీట్ అనే దోమల మందైతే చేతులు తుడుచుకుని గానీ కళ్లద్దాలు, వాచీ, రెయిన్‌కోటు ముట్టుకోవద్దు. ప్లాస్టిక్‌నూ సాగే బట్టల్నీ అది కరిగిస్తుంది. పికారిడిన్ అనే ఇంకో దోమల మందుతో ఆ గొడవ లేదు.

గొడుగు ఎందుకు వద్దంటే రెండు చేతులూ తెడ్డు మీదుంటాయి, పైగా గాలికి అది తెరచాప అవుతుంది. తల మీదుగా దుప్పటిలా వేసుకునే పోంచో కూడా అంతే, గాలికి ఎగురుతుంది, నీళ్లలో పడితే చేతులకు చుట్టుకుంటుంది. జాకెట్టు, ప్యాంటు విడివిడిగా ఉన్న రెయిన్‌సూట్ కావాలి. పాతది ఉంటే బయల్దేరే ముందు వేసుకుని స్నానాలగదిలో షవర్ కింద పది నిమిషాలు నిలబడండి. లోపలి పూత పొలుసులుగా రాలుతుంటే దాని ఆయువు తీరినట్టే. భుజాల కుట్ల దగ్గర చెమ్మ దిగితే కుట్లను మూసే సీమ్ సీలర్ అనే జిగురు రాసి ఆరనివ్వండి. రెయిన్‌సూట్ మూట అడుగున సర్దితే లేనట్టే. మొదటి చినుకుకు నాలుగు నిమిషాలు వెతికేలోపు లోపలివన్నీ తడుస్తాయి.

చెప్పుల సంగతి. యాత్రకు ఇచ్చే మంచి కనూ కెవ్లార్ అనే తేలికైన కృత్రిమ నారతో చేసింది, 18 నుంచి 20 కిలోలే ఉంటుంది. తేలిక కాబట్టే సున్నితం. రాళ్ల మీదికి ఈడ్చి ఆపకూడదు, మోకాలి లోతులో ఆపి నీళ్లలోకే దిగాలి. కాలు తడవకుండా యాత్ర జరగదు. చెప్పులు బురదలో ఊడి అక్కడే ఉండిపోతాయి, వేళ్లు బయటికి కనిపించే సాండల్స్‌తో రాళ్లకు గోళ్లు లేచిపోతాయి. గంబూట్లు వేసుకుంటే, అడుగు ఒక్క జానెడు లోతు తప్పితే చాలు, బిందెల్లా నిండుతాయి. నీళ్లు చొరబడని ఖరీదైన ట్రెక్కింగ్ బూట్లదీ అదే కథ, పైనుంచి పోయిన నీళ్లు బయటికి రావు. పట్టున్న అడుగు, గట్టి లేసులు ఉన్న పాత స్పోర్ట్స్ షూ చాలు. కొత్తవి అక్కడే మొదటిసారి వేసుకోవద్దు, తడి సాక్సులో కొత్త బూటు మడమను గంటలో ఒలిచేస్తుంది.

లైఫ్ జాకెట్ వాళ్లే ఇస్తారు. మిన్నెసోటా చట్టం ప్రకారం పదేళ్ల లోపు పిల్లలు పడవ కదులుతున్నంతసేపూ తొడుక్కునే ఉండాలి. పెద్దలకు అందుబాటులో ఉంటే చాలంటుంది చట్టం. కానీ జాకెట్టు ఒంటి మీద ఉండటానికీ పక్కన ఉండటానికీ ఎంత తేడానో, 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో జరిగిన పడవ ప్రమాదం చూసిన మనకు ఒకరు చెప్పాలా. రెయిన్ జాకెట్టు వేసుకుని, దాని మీద లైఫ్ జాకెట్టు తొడిగి పట్టీలు బిగించండి. ఇంకొకరిని భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమనండి. గడ్డం దాటి పైకొస్తే బిగువు చాలదు, లేదా సైజు పెద్దది. చల్లటి నీళ్లలో పడ్డవాళ్ల గురించి మానిటోబా విశ్వవిద్యాలయంలో పరిశోధించిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ చెప్పిన 1-10-1 లెక్కను గైడ్లందరూ చెబుతారు. ఊపిరి అదుపులోకి రావడానికి 1 నిమిషం, చేతులు కాళ్లు మాట వినేది 10 నిమిషాలు, స్పృహ తప్పడానికి 1 గంట. ఆ పది నిమిషాల్లో జాకెట్టు వెతుక్కుని తొడుక్కోవడం ఎవరి తరమూ కాదు.

సర్దే పద్ధతి. చక్రాల సూట్‌కేసు కారులోనే ఉండిపోవాలి. గైడు ఇచ్చేది డులూత్ ప్యాక్ అనే పెద్ద కాన్వాస్ లేదా నైలాన్ మూట. 1882లో కమీల్ పోరియే పేటెంటు తీసుకున్న నమూనా, ఇవాళ్టికీ పెద్దగా మారలేదు. ఇద్దరి బట్టలు, ఇద్దరి స్లీపింగ్ బ్యాగులు ఒక దాంట్లో పడతాయి. పడవ అడుగున ఎప్పుడూ ఒక అంగుళం మురికి నీళ్లు నిలిచే ఉంటాయి, మూట దాంట్లోనే కూర్చుంటుంది. కాబట్టి మూట లోపల మందపాటి ప్లాస్టిక్ సంచి ఒకటి పరచాలి. మిల్లీమీటరులో పదోవంతు మందం ఉన్నది అడగండి. పలచని చెత్త సంచులు మొదటి పోర్టేజ్‌లోనే చిరుగుతాయి. సువాసన కలిపినవి అసలే వద్దు, ఎందుకో కింద చెబుతాను.

ఆ సంచి లోపల అడుగున స్లీపింగ్ బ్యాగు. దాని మీద పొడి జత, విడిగా జిప్ కవర్లో. దాని మీద మిగతా బట్టలు, చుట్టలు చుట్టి. గట్టి వస్తువేదీ వీపు వైపు రాకూడదు, డబ్బా మూల వెన్నుకు గుచ్చుకుంటే వంద రాడ్లూ నరకమే. అన్నీ పెట్టాక సంచి మీద మోకాలు ఆనించి గాలి వదిలేదాకా నొక్కాలి. మూతిని తాడులా మెలిపెట్టి, ఆ మెలికను వెనక్కి మడిచి, గట్టి రబ్బరు బ్యాండు వేయాలి. ముడి వేస్తే రాత్రి చలికి కొంకర్లు పోయిన వేళ్లతో విప్పలేరు. నీళ్లు చొరబడకుండా మూతి చుట్టే డ్రై బ్యాగ్ అయితే మూడొంతుల్లో రెండొంతులే నింపి, కనీసం మూడు మడతలు చుట్టి బకిల్ పెట్టాలి. నీళ్లు దిగాయని ఫిర్యాదు చేసేవాళ్ల బ్యాగుల్లో ఎక్కువసార్లు కనిపించేది ఒకటే, మడతలో ఇరుక్కున్న సాక్సు అంచు. రెయిన్‌సూట్, దోమల వల, నీళ్ల సీసా ప్లాస్టిక్ సంచి బయట, మూట పై మూత కింద పెట్టుకోవాలి. చేత్తో పట్టుకునే చిల్లర సామాను ఉండకూడదు, పోర్టేజ్ మొదట్లో చెట్టుకింద మరిచిపోయేవి అవే.

తిండి, వాసన. బౌండరీ వాటర్స్‌లోకి తిండి, పానీయాల కోసం టిన్నులు, గాజు సీసాలు తీసుకెళ్లకూడదు. మందులు, దోమల మందు డబ్బాలకు మినహాయింపు ఉంది. ఆవకాయ కావాలంటే మూత మరలు తిరిగే చిన్న ప్లాస్టిక్ డబ్బాలో, దాన్ని రెండు జిప్ కవర్లలో వేసి తీసుకెళ్లండి. పైన నూనె తేలకుండా వంచేసి పెట్టండి, కారిన నూనె స్లీపింగ్ బ్యాగుకు పట్టిందంటే ఇక వదలదు. ఇది రుచి సంగతి కాదు. అక్కడ నల్ల ఎలుగుబంట్లున్నాయి. వాసన వచ్చేదంతా రాత్రికి ఎలుగు తెరవలేని డబ్బాలోకైనా పోవాలి, లేదా నేలకు 12 అడుగుల ఎత్తున, మానుకు 6 అడుగుల ఎడంగానైనా వేలాడాలి. ఆ పని గైడు చేస్తాడు, కానీ మీ జేబులో ఏముందో గైడుకు తెలియదు. వక్కపొడి, టూత్‌పేస్టు, కొబ్బరినూనె, పౌడరు, సబ్బు అన్నీ అప్పగించాలి. ఆంధ్రపత్రిక నడిపిన నాగేశ్వరరావు పంతులు గారి అమృతాంజనం అయితే మరీను, దాని వాసనకు మనమే తలుపవతలి నుంచి లేచొస్తాం. గుడారంలో ఒక్క బిస్కెట్ పొట్లం కూడా ఉండకూడదు.

ఎవరూ రాయని చిన్న సంగతి ఒకటి. ప్రతి మకాం వెనక అడవిలో గోడలు లేని పెట్టెలాంటి మరుగుదొడ్డి ఉంటుంది, నీళ్లుండవు. తేలికపాటి ప్లాస్టిక్ చెంబు ఒకటి సంచికి తగిలించుకోండి. కడుక్కునేదైనా, సబ్బు వాడేదైనా సరస్సుకు 200 అడుగుల దూరంలోనే. శానిటరీ ప్యాడ్లు ఆ పెట్టెలో వేయకూడదు, మూసే కవర్లో వెనక్కి తేవాలి.

మందులు రెండు భాగాలు చేసి రెండు వేర్వేరు మూటల్లో పెట్టండి. ఒక మూట నీళ్లపాలైనా బీపీ మాత్ర ఆగదు. ఇన్సులిన్ ఉంటే వేడి తగలని పౌచ్‌లో పెట్టండి, ఎండలో ఉన్న నల్ల సంచి లోపల ఎంత వేడెక్కుతుందో చెయ్యి పెడితే తెలుస్తుంది. గైడుకు ముందే చెప్పండి. కళ్లద్దాలకు తాడు, ఇంకో జత అద్దాలు. హెడ్‌ల్యాంప్‌లో ఒక బ్యాటరీ తిరగేసి పెడితే సంచిలో నొక్కుకుని వెలిగిపోదు. ఫోను అక్కడ కెమెరా మాత్రమే, దానికో వాటర్‌ప్రూఫ్ పౌచ్.

గుడారాలు, పొయ్యి, గిన్నెలు, వంట, మ్యాపులు, ప్రథమ చికిత్స పెట్టె మామూలుగా నిర్వాహకులవే. స్లీపింగ్ బ్యాగు ఒక్కటి మాత్రం కొందరు ఇస్తారు, కొందరు ఇవ్వరు, ఫోన్ చేసి అడగండి. 0 నుంచి 5 డిగ్రీల దాకా ఆగేదై ఉండాలి. విజిటర్ వీసా మీద వెళ్లినవాళ్లు సరిహద్దు సరస్సుల్లో కెనడా ఒడ్డున దిగకూడదని ముందే గైడుతో చెప్పుకోవాలి. ఆ ఒడ్డుకు కెనడా అనుమతి వేరు.

అంతా సర్దాక స్నానాలగది తూకం మీద మీ ఒక్కరి సామాను పెట్టి చూడండి. స్లీపింగ్ బ్యాగుతో కలిపి 8 కిలోలు దాటితే మళ్లీ విప్పాల్సిందే.

వచ్చే ఆదివారం ఆ బాక్సును సవరించి వేస్తారని ఆశిస్తాను. ‘కాటన్’ ఉన్నచోట ‘ఉన్ని లేదా పాలిస్టర్’ అని, ‘చెప్పులు’ ఉన్నచోట ‘లేసులున్న పాత బూట్లు’ అని మార్చండి. గొడుగును కొట్టేయండి. పచ్చడి ఉండనివ్వండి, ప్లాస్టిక్ డబ్బాలో.

ఇట్లు,
మీ పాఠకుడు,
డులూత్, మిన్నెసోటా